బండి ఎక్కడ ఆగింది? ఆన్ కాని డెస్క్‌టాప్‌తో ఒక ఆదివారం

కాజీపేట స్టేషన్‌లో సికింద్రాబాద్ నుంచి వచ్చే బండి కోసం ఎదురుచూసేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. బండి లేటైతే "రైలు పాడైందా?" అని ఎవరూ అడగరు. "జనగామ దాటిందా?" అంటారు. దాటిందంటే, "ఘన్‌పూర్ దాటిందా?" అంటారు. ఆఖరుగా ఏ స్టేషన్ దాటిందో తెలిస్తే ఎక్కడ ఇరుక్కుందో సగం తెలిసినట్టే. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి మనకి గుర్తుకు రాదు. "సిస్టం ఆన్ అయితలేదు" అంటాం. షాపతను "మదర్‌బోర్డ్ పోయినట్టుంది సార్" అంటాడు. "రైలు పాడైందా?" అనడం ఎంత గుడ్డిదో ఈ మాటా అంతే గుడ్డిది.

నిరుడు మృగశిర కార్తె వచ్చిన వారం, ఒక శనివారం రాత్రి హనుమకొండలో ఈదురుగాలి కొట్టింది. కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. పొద్దున లేచి పవర్ బటన్ నొక్కితే క్యాబినెట్ ముందున్న ఫ్యాన్ సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే ఆ సగం చుట్టు కూడా లేదు. వెనక తీగ పీకి, కాసేపాగి పెట్టి నొక్కితే మళ్లీ సగం చుట్టు. 2020 చివర్లో విడి భాగాలు కొని నేనే బిగించుకున్న సిస్టం అది. ఐ5 10400 ప్రాసెసర్, రెండు 8 జీబీ ర్యామ్‌లు, ఒక గ్రాఫిక్స్ కార్డు, విండోస్‌కి ఎస్‌ఎస్‌డీ. ఇంకా పాత సిస్టం నుంచి పీకి పెట్టుకున్న 1 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి. ఈ డిస్క్‌ని గుర్తు పెట్టుకోండి.

ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు వచ్చి చూసి, "మామా, బోర్డు గాయబ్ పో. కొత్తది తెచ్చుడే" అన్నాడు. దగ్గర్లో ఉన్న షాపుకి ఫోన్ చేస్తే అతనూ అదే మాట అన్నాడు. ఒకరు డబ్బా విప్పకుండా, ఇంకొకరు డబ్బా చూడకుండానే తీర్పు ఇచ్చేశారు. బోర్డు పోయిందంటే ఖర్చు అక్కడితో ఆగదు. నాలుగైదేళ్ల కిందటి ప్రాసెసర్‌కి సరిపడే కొత్త బోర్డు దొరకడమే కష్టం, దొరక్కపోతే ప్రాసెసరూ మార్చాలి, అప్పుడు ర్యామ్ కూడా. ఒక్క మాటతో బిల్లు వేలల్లోకి పోతుంది.

బటన్ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తొందరపడం. మన దగ్గర డబ్బా మొత్తాన్నీ "సీపీయూ" అనేస్తారు. ఇక్కడ డబ్బాని క్యాబినెట్ అనీ, లోపలి చిప్‌ని ప్రాసెసర్ అనీ అంటాను, లేకపోతే ముందుకు పోలేం.

గోడ స్విచ్ వేయగానే, మీరు బటన్ ముట్టుకోకముందే, ఎస్‌ఎంపీఎస్‌లో (గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడే వోల్టులుగా మార్చే డబ్బా అది) ఒక చిన్న భాగం మేల్కొని మదర్‌బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు పంపుతూ ఉంటుంది. రంగు తీగలున్న ఎస్‌ఎంపీఎస్‌లో అది ఊదా రంగు తీగ, 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో 9వ పిన్ను. పవర్ బటన్ లైటు స్విచ్ లాంటిది కాదు, కాలింగ్ బెల్ లాంటిది. రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలుపుతుంది, అంతే. ఆ పిలుపు అందగానే మదర్‌బోర్డు 16వ పిన్ను మీది ఆకుపచ్చ తీగని గ్రౌండ్‌కి లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్‌కి అది "లే" అన్నట్టు. అది లేచి 12, 5, 3.3 వోల్టులు ఇవ్వడం మొదలుపెడుతుంది. అవన్నీ కుదురుకున్నాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపల, 8వ పిన్ను మీద "పవర్ గుడ్" అనే సిగ్నల్ ఇస్తుంది. అది పడేదాకా ప్రాసెసర్ అవుటర్‌లో నిలబడ్డ బండే. పడ్డాక బయోస్ (బోర్డు మీది చిప్‌లో ఉండే, సిస్టంని లేపే చిన్న ప్రోగ్రాం) చదువుకుంటుంది, ర్యామ్‌ని సరిచూసుకుంటుంది, గ్రాఫిక్స్‌ని లేపుతుంది, చివరికి విండోస్ ఉన్న డిస్క్‌ని వెతుక్కుంటుంది.

కాబట్టి "ఆన్ అయితలేదు" అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. అసలు ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి. లేవబోయి వెంటనే పడిపోవడం ఒకటి. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా స్క్రీన్ నల్లగా ఉండటం ఇంకొకటి. కంపెనీ లోగో దాకా వచ్చి విండోస్ రాకపోవడం చివరిది. మందు కూడా నాలుగు రకాలు.

ఉలుకూ పలుకూ లేనప్పుడు క్యాబినెట్ విప్పకండి. ముందు గోడ దగ్గర మొదలుపెట్టండి. సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి "కరెంటు వస్తోంది" అనుకోవడం అందరూ చేసే పొరపాటు. చార్జర్ 100 వోల్టులకైనా పనిచేస్తుంది, పైగా అది తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి సాకెట్‌లో పిన్ను వదులైనా దానికి పట్టదు. అదే సాకెట్‌లో మిక్సీ తిప్పి చూడండి. తర్వాత యూపీఎస్‌ని పక్కనపెట్టి తీగని నేరుగా గోడకి పెట్టండి. యూపీఎస్ బ్యాటరీ మామూలుగా రెండు మూడేళ్లకి చతికిలపడుతుంది, మన ఎండలకి ఇంకా ముందే. ఎస్‌ఎంపీఎస్ వెనక ఉండే చిన్న స్విచ్ కూడా చూడండి. ఇల్లు ఊడ్చేటప్పుడు దానికి చీపురు తగిలి ఆఫ్ అయిన ఇళ్లు రెండు నాకు తెలుసు.

ఆ తర్వాత అనుమానించాల్సింది బటన్‌నే. కాలింగ్ బెల్ పాడైతే ఇంట్లోవాళ్లు చచ్చిపోయినట్టు కాదు కదా. మదర్‌బోర్డు కింది మూలలో ముందు ప్యానెల్ తీగలు గుచ్చే చోట పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులుంటాయి. బటన్ తీగ పీకేసి, ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకిస్తే చాలు. సిస్టం లేచిందంటే తప్పు బటన్‌ది. రీసెట్ బటన్ తీగని ఆ పిన్నులకి మార్చి పెట్టుకుంటే పని జరిగిపోతుంది.

అప్పటికీ లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా పరీక్షించాలి. స్విచ్ ఆపి, దాని తీగలన్నీ మదర్‌బోర్డు నుంచీ, మిగతా భాగాల నుంచీ పీకేసి, పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగకి పక్కనున్న నల్ల తీగతో వంచిన పేపర్ క్లిప్‌తో లంకె వేసి, అప్పుడు స్విచ్ వేయాలి. ఆకుపచ్చకి రెండు పక్కలా ఉండేవి నల్లవే కాబట్టి తికమక ఉండదు. తీగలన్నీ నల్లగా ఉన్న కొత్త రకమైతే పిన్నుల బొమ్మ చూసుకోకుండా చేయకండి. ఫ్యాన్ తిరగకపోతే చాలావరకు ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. (బరువు, అంటే కరెంటు లాగే భాగాలు, లేకపోతే ఫ్యాన్ తిప్పని మోడళ్లూ ఉన్నాయి, వాటికి వోల్టులు కొలిచే మల్టీమీటర్ తప్పదు.) ఫ్యాన్ తిరిగితే మాత్రం బాగున్నట్టు కాదు, బతికున్నట్టు మాత్రమే. 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, అదీ సిస్టం నడుస్తున్నప్పుడు. ఖాళీగా ఉన్నప్పుడు బాగా చూపించి, బరువు పడగానే కూలిపోయేవి బోలెడు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. లోపల కరెంటుని నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో తీగ పీకిన తర్వాత కూడా వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

"నిన్నటిదాకా బాగానే ఉంది, సడెన్‌గా పోయింది" అని అందరం అంటాం. ఎస్‌ఎంపీఎస్ విషయంలో నేను ఈ మాట నమ్మను. కెపాసిటర్ల లోపల ఒక ద్రవం ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్ల లెక్క. మే నెలలో బయట 44 డిగ్రీలుంటే, గోడకి ఆనించిన క్యాబినెట్‌లో ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. దానికి దుమ్ము తోడు. ఎనుమాముల మార్కెట్ వైపు ఇళ్లలో ఎస్‌ఎంపీఎస్ జాలీ విప్పితే పత్తి నుసి పరుపులా పేరుకుని ఉంటుంది. గోదావరిఖని నుంచి వచ్చిన ఒక సిస్టం విప్పితే చేతులు నల్లబడ్డాయి, అంతా బొగ్గు పొడి. గాలి ఆడదు, వేడి పోదు, కెపాసిటర్లు ఉబ్బుతాయి. ఇలా చావబోయే ఎస్‌ఎంపీఎస్ నెలల ముందే చెబుతుంది. పొద్దున మొదటిసారి నొక్కితే లేవదు, మూడోసారికో నాలుగోసారికో లేస్తుంది, ఒకసారి వేడెక్కాక రోజంతా బాగా నడుస్తుంది. మనం దాన్ని "చలికి బద్ధకించింది" అని నవ్వుకుని వదిలేస్తాం.

ఇక ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మాత్రం నలుపు. షాపుల భాషలో "నో డిస్‌ప్లే". మన దగ్గర ఇది దసరా జబ్బు. పండగకి క్యాబినెట్ జరిపి, బ్లోయర్ కొట్టి, బొట్టు పెట్టి, మళ్లీ తీగలు గుచ్చేటప్పుడు మానిటర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ తీగని గ్రాఫిక్స్ కార్డుకి బదులు మదర్‌బోర్డుకి పెడతారు. కార్డు ఉన్న సిస్టంలో బోర్డు మీది హెచ్‌డీఎంఐకి బొమ్మ రాకపోవచ్చు. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ రకమైతే ఎప్పటికీ రాదు, దాంట్లో గ్రాఫిక్సే లేదు. (బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. గిర్రున తిరిగితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ బేరింగ్ అరుగుతుంది.)

తీగ సరిగ్గానే ఉంటే మదర్‌బోర్డు అంచు మీద చూడండి. ఈ పదేళ్లలో వచ్చిన ఓ మోస్తరు బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్క్) అని రాసిన నాలుగు చిన్న లైట్లుంటాయి. ఆన్ అయ్యేటప్పుడు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోతాయి. ఏదైతే ఆరకుండా నిలిచిపోయిందో బండి అక్కడ ఆగింది. జనగామ దాటిందా, ఘన్‌పూర్ దాటిందా అని చెప్పే బోర్డు అదే. దాన్ని చూడకుండా ఎస్‌ఎంపీఎస్ కొనుక్కొచ్చినవాళ్లని చూశాను. లైట్లు లేని బోర్డయితే చిన్న బీప్ స్పీకర్ తగిలిస్తే కూతల లెక్కతో చెబుతుంది.

ఎక్కువసార్లు నిలిచిపోయేది డీర్యామ్ దగ్గరే. ర్యామ్ కాళ్ల మీది బంగారు పూతకీ స్లాట్‌కీ మధ్య చెమ్మ, మసి చేరితే చాలు. రెండూ తీసేసి, మెత్తటి తెల్ల రబ్బరుతో సున్నితంగా రుద్ది, రబ్బరు పొట్టు తుడిచి, ఒక్కదాన్నే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టాలి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఒంటరి ర్యామ్‌కి మామూలుగా అదే చోటు. రెండు చివర్లా టక్‌మని చప్పుడు రావాలి. లేవకపోతే రెండోది పెట్టి చూడాలి, తర్వాత స్లాట్ మార్చాలి. ఒకసారికి ఒక్క మార్పే. మూడు కలిపి మార్చేస్తే, లేచినా ఎందుకు లేచిందో తెలియదు. కొత్త రకం డీడీఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి బయోస్ దాన్ని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ స్క్రీన్ నలుపే. ఆ టైంలో టెన్షన్ పడి స్విచ్ ఆపితే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. ర్యామ్‌లన్నీ తీసేసి ఆన్ చేయండి. డీర్యామ్ లైటు వెలిగినా, స్పీకర్ కూత పెట్టినా సంతోషించండి. లేని ర్యామ్ గురించి ఫిర్యాదు చేయగలుగుతోందంటే ప్రాసెసర్, బయోస్, బోర్డు చాలావరకు బతికే ఉన్నాయి. "బోర్డు పోయింది" అన్నవాళ్లకి ఇదే జవాబు.

సీపీయూ లైటు నిలిచిపోతే ప్రాసెసర్ పోయిందని కంగారు పడక్కర్లేదు. అన్ని భాగాల్లోకీ ప్రాసెసర్ చావడం చాలా అరుదు. బోర్డు పై మూలలో ప్రాసెసర్‌కి విడిగా కరెంటిచ్చే 8 పిన్నుల తీగ ఒకటుంటుంది. అది వదులైనా, గుచ్చడం మర్చిపోయినా ఇదే లక్షణం.

విండోస్ దగ్గర ఆగిపోయే జబ్బు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అప్పటికే సిస్టం ఆన్ అయినట్టే. ఒక్క సంగతి మాత్రం. గడియారం పాత తేదీ చూపిస్తుంటే బోర్డు మీది సీఆర్2032 సెల్లు అయిపోయిందన్నమాట. అది అయిపోతే బయోస్ తన సెట్టింగులు మర్చిపోయి డిస్క్‌ని తప్పుగా వెతకొచ్చు. సెల్లు మార్చే ముందు, బయోస్ రీసెట్ చేసే ముందు మీ డిస్క్‌కి విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం ఉందేమో గుర్తు చేసుకోండి. రీసెట్ తర్వాత కొన్ని సిస్టంలు 48 అంకెల రికవరీ కీ అడుగుతాయి. అది చాలామందికి మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది, ఫోన్‌లో తెరిచి చూసుకోవచ్చు. ఖాతా పాస్‌వర్డే మర్చిపోతే చేయగలిగింది పెద్దగా లేదు.

ఇప్పుడు నా సగం చుట్టు దగ్గరికి వద్దాం.

ఫ్యాన్ సగం చుట్టు తిరిగిందంటే గోడ, తీగ, బటన్, స్టాండ్‌బై అన్నీ బాగున్నట్టు. ఎస్‌ఎంపీఎస్ లేచింది, ఏదో చూసి బెదిరి పడుకుంది. ఎస్‌ఎంపీఎస్‌లో కాపలా సర్క్యూట్ ఒకటుంటుంది. ఎక్కడైనా షార్ట్ కనిపిస్తే క్షణంలో ఆపేసి, ఆ తర్వాత ఎన్నిసార్లు బటన్ నొక్కినా పలకదు. కరెంటు పూర్తిగా తీసి, కాసేపాగి పెడితేనే మళ్లీ ఒకసారి ప్రయత్నిస్తుంది. తీగ పీకి పెట్టినప్పుడల్లా సగం చుట్టు రావడానికి కారణం అదే. "తీగ పీకి అరనిమిషం బటన్ నొక్కి పట్టు" అనే చిట్కా చాలాసార్లు పనిచేసేది కూడా ఇందుకే. మిగిలిన కరెంటు ఖాళీ అయి ఆ కాపలావాడు అలక మానతాడు. కాబట్టి నేను వెతకాల్సింది చచ్చినదాన్ని కాదు, షార్ట్ అయినదాన్ని.

షార్ట్ వెతకడానికి తీసేయడమే దారి. ముందు గ్రాఫిక్స్ కార్డు తీశాం. సగం చుట్టే. ర్యామ్ ఒకటి తీశాం. సగం చుట్టే. మేనల్లుడు "నే చెప్పలే?" అన్నట్టు చూశాడు. మదర్‌బోర్డునే క్యాబినెట్ నుంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పరిచాం. ఊడిన స్క్రూ ఏదైనా కింద ఇరుక్కుని క్యాబినెట్‌కి తగులుతుంటే ఇలా తేలిపోతుంది. బోర్డుతో వచ్చే బూడిద రంగు కవరు మీద మాత్రం పెట్టకూడదు, దాని పైపొర గుండా కొద్దిగా కరెంటు పారుతుంది. బోర్డు, ప్రాసెసర్, దాని మీది కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్. ఇంతే. స్క్రూడ్రైవర్ కొనతో పిన్నులు తాకించాను.

ఫ్యాన్ తిరిగింది. తిరుగుతూనే ఉంది. మానిటర్ మీద లోగో వచ్చింది.

"అరె, లేచింది మామా!" అని వాడు ఎగిరాడు. ఇక ఎదురు దారిలో వచ్చాం. రెండో ర్యామ్ పెట్టాం, లేచింది. ఎస్‌ఎస్‌డీ పెట్టాం, విండోస్ దాకా వచ్చింది. క్యాబినెట్‌లో బిగించి కార్డు పెట్టాం, లేచింది. పాత హార్డ్ డిస్క్‌కి కరెంటు తీగ గుచ్చాం. సగం చుట్టు.

బోర్డు కాదు, ఎస్‌ఎంపీఎస్ కాదు, పాత డిస్క్. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ సర్క్యూట్ మీద కరెంటు తీగ దిగే చోట మినప గింజంత నల్లటి డయోడ్లు ఉంటాయి, 12 వోల్టులకి ఒకటి, 5 వోల్టులకి ఒకటి. వోల్టేజీ ఎగదన్నితే డిస్క్‌ని కాపాడటానికి అవి అడ్డం పడతాయి. దెబ్బ పెద్దదైతే అడ్డం పడినచోటే షార్ట్ అయి చచ్చిపోతాయి. దాంతో ఎస్‌ఎంపీఎస్‌కి 12 వోల్టుల తీగ నేరుగా గ్రౌండ్‌కి తగిలినట్టు కనిపిస్తుంది, వెంటనే ఆపేస్తుంది. ఆ డయోడ్‌కి మల్టీమీటర్ పెడితే, షార్ట్ ఉందన్నట్టు కుయ్యిమని నిలువునా మోగింది. విండోస్‌కి అవసరమే లేని డిస్క్ సిస్టం మొత్తాన్నీ పట్టి ఆపింది.

అవసరం లేదన్నది సిస్టం సంగతి. మా చెల్లెలి పెళ్లి ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. డయోడ్ పీకితే డిస్క్ మళ్లీ తిరిగే అవకాశం ఉంటుంది, కాకపోతే సోల్డరింగ్ చేయి నిలకడగా ఉండాలి, నాది కాదు. మర్నాడు పొద్దున బండికి సికింద్రాబాద్ వెళ్లి, ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల డిస్కులు బాగుచేసే ఒకతనికి ఇచ్చాను. భూతద్దం పెట్టి చూసి, వేడి ఊది, పట్టకారుతో ఆ నల్ల గింజని పీకి నా అరచేతిలో పెట్టాడు. డిస్క్ తిరిగింది. "ఇప్పుడు దీనికి కాపలా లేదు సార్, కాపీ తీసుకుని పక్కన పెట్టేయండి" అన్నాడు.

ఆ రాత్రే కాపీ మొదలుపెట్టాం. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేశాకే, లెండి. మేనల్లుడు పక్కన కూర్చుని వాళ్లమ్మ అప్పగింతల ఫొటోలు ఒక్కొక్కటీ వస్తుంటే చూశాడు. పదకొండున్నరకి అయిపోయింది.